ఎడమ మలుపు

డిపో మానేసి రెండేళ్లయినా
ఐదింటికే మెలకువ.
బ్లైత్ రేవు మీంచి వచ్చే గాలిలో
ఉప్పు, డీజిలు, రాత్రి చేపలు వేయించిన నూనె.
నేను బూట్లు వెతుక్కునేలోపే
ఇది తలుపు దగ్గర నిలబడి ఉంటుంది.
కూర్చోమంటే కూర్చోదు.
ఆ తొడలు కూర్చోడానికి పుట్టలేదు.

చెవి మడత లోపల ఆకుపచ్చ సిరా అక్షరాలు,
చాకలి గుర్తులా, ఎన్ని ఉతుకులకూ పోవు.
పందెపు కాగితాల్లో దీని పేరు సిల్వర్ ఆర్గ్యుమెంట్.
ఇంట్లో బీన్,
చిక్కుడుకాయలా వంపు తిరిగి పడుకుంటుంది గనక.
నలభై ఒక్క పరుగు, ఆరు గెలుపులు,
ముందుకాలి మణికట్టు దగ్గర ఒక విరుపు.
దత్తతకిచ్చినవాళ్లు అన్నీ రాసిచ్చారు:
పిల్లులకు దూరం, పట్టీ వదలొద్దు, చలికి కోటు తప్పదు.
మెట్ల సంగతే రాయలేదు.

మొదటి వారం మెట్ల ముందు
గోడ ముందు నిలబడ్డట్టే నిలబడింది.
బతుకంతా నేల మీదే గడిపింది మరి,
కొట్టం, ఇసుక, మళ్లీ కొట్టం.
స్టీరింగ్ తిప్పిన చేతులతో
ఒక్కో పాదం ఎత్తి ఒక్కో మెట్టు మీద పెట్టాను.
పన్నెండు మెట్లు, నాలుగేసి పాదాలు,
లెక్క మీరే చేసుకోండి.
పైకెక్కాక, దిగడం రాదని తెలిసింది.

నడక మాత్రం దీని ఇష్టం.
గేటు దాటగానే ఎడమ.
మూతపడిన పందేల దుకాణం దగ్గర ఎడమ.
బేకరీ దగ్గర, ఓ క్షణం ముక్కెత్తి, ఎడమ.
మళ్లీ మా గేటు.
ఇరవై రెండు నిమిషాల అప్రదక్షిణం.
పందెపు బాటలో మలుపులన్నీ ఎడమకేనట;
కుడి అనేది ఒకటుందని దీనికెవరూ చెప్పలేదు.
నేను కుడికి లాగితే
నాలుగు కాళ్లూ రోడ్డులో పాతేస్తుంది,
వెనక పాలబండివాడు ఎంత హారన్ కొట్టినా సరే.
నేనేం పోట్లాడను.
ముప్పై ఒక్కేళ్లు పందొమ్మిదో నంబరు బస్సు నడిపినదాన్ని,
తిరిగిన దారే తిరగడంలో
పరువు తక్కువేం లేదని తెలుసు.

బేకరీ మూలలో ఆస్‌గుడ్ ఎదురయ్యేవాడు,
ఓడల యార్డులో వెల్డరు, ఒక చెవి వినపడదు.
పసిపిల్లల్ని తోసే బండిలో ఆయన విప్పెట్,
పదహారేళ్ల ముసల్ది, కళ్లమీద పాలపొర,
పేరు మార్గరీన్.
"వేటజాతి అంటారు వీటిని," అనేవాడు,
"సోఫాని తప్ప దేన్నీ వేటాడగా చూళ్లేదు."
బీన్ బండిలోకి మెడ చాచి
ముసలిదాని చెవిలో ఒక్క ఊపిరి వదిలి
ఎడమకి తిరిగేది.

నవంబరులో మూడు రోజులు ఆ మూల ఖాళీ.
మొదటి రోజు బీన్ ఆగింది.
రెండో రోజు ఇంకాసేపు ఆగింది.
మూడో రోజు ఓ ప్లాస్టిక్ సంచి గాలికి లేస్తే
ఒళ్లంతా విల్లు చేసి, నా భుజం ఊడినంత పని చేసి,
అది కుందేలు కాదని తెలిశాక
ఏమీ జరగనట్టు అటెటో చూసింది.

నాలుగో రోజు కుడికి తిరిగింది.

నేను పట్టీ వదులు చేసి వెంట నడిచాను,
టిక్కెట్టు కొన్న ప్రయాణికురాలిలా.
సముద్రం వైపు మూడో ఇల్లు, నీలం తలుపు.
ఆస్‌గుడ్ పైజామాలోనే వచ్చి తీశాడు.
దారంతా కూర్చుకున్న మాట నా గొంతు దాటలేదు.
బీన్ గడప ఎక్కి
ఆయన మోకాలికి పక్కవాటుగా ఆనుకుంది,
గ్రేహౌండ్లు ఆనుకునే తీరులో,
ఉన్న బరువంతా, దాపరికం లేకుండా,
ఇరవై ఎనిమిది కిలోలు.
ఆయన తలుపు చట్రం పట్టుకుని నిలదొక్కుకున్నాడు.
"లావెక్కిందే ఇది," అన్నాడు
చాలాసేపటికి.

ఇప్పుడు ఆ బండిలో బంగాళాదుంపలు తెచ్చుకుంటాడు.
దుప్పటి మాత్రం తీయలేదు.
బీన్ రోజూ దుంపల మధ్య ముక్కు దూర్చి చూస్తుంది,
తుమ్ముతుంది,
ఎడమకి తిరుగుతుంది.